లోపలి గడియ

ఆ ఇంట్లో ఏ తలుపుకూ లోపలి గడియ ఉండేది కాదు. ఉండాల్సిన చోట నాలుగేసి స్క్రూ రంధ్రాలు మాత్రం ఉండేవి. ముప్పై నాలుగేళ్ళలో తలుపులకు ఐదుసార్లు రంగు వేయించారు గానీ, ఆ రంధ్రాలు పూడ్చమని రంగులవాడికి ఎవరూ చెప్పలేదు.

అతనికి పదకొండో ఏట, స్నానాల గదిలో, మొదటిసారి మూర్ఛ వచ్చింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బయట అమ్మా నాన్నా అక్కా, లోపల సిమెంటు తొట్టి పక్కన పిల్లవాడి మడమలు బండకేసి కొట్టుకుంటున్న చప్పుడు. తలుపు విరగ్గొట్టి అతన్ని బయటికి తెచ్చారు. ఆ సాయంత్రమే తండ్రి స్క్రూడ్రైవరు పట్టుకుని గది గదికీ తిరిగి ప్రతి గడియా ఊడదీశాడు. ఏడు గడియలు. వాటిని బిస్కెట్ల డబ్బాలో వేసి అటకెక్కించాడు. మర్నాటి నుంచి ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. స్నానానికి వెళ్ళినవాడు బయటికి వినపడేలా అంకెలు లెక్కపెడుతూ ఉండాలి. లెక్క ఆగితే బయట కూర్చున్నవాళ్ళు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాలి.

మొదట తల్లి కూర్చునేది. ఆవిడ పోయాక అక్క.

అతని గొంతు మారింది, మీసం వచ్చింది, కణతల దగ్గర నెరిసింది. లెక్క మాత్రం ఆగలేదు. స్నానాల గది కిటికీ పక్కింటి పెరటివైపు ఉండేది. పక్కింటాయన గోడ మీంచి పలకరించేవాడు.

"ఏవయ్యా, రోజూ నాలుగొందలు దాటుతావు, నిన్న రెండొందల డెబ్బైకే సరిపెట్టావు. సబ్బు అయిపోయిందా?"

ఆయన ప్రేమగానే అనేవాడు. వినేవాడికి మాత్రం చెవులు కాలిపోయేవి.

చివరికి ఆ లెక్కే అతనికి అన్నం పెట్టింది. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టే షాపులో పని అడగడానికి వెళ్ళాడు. ఒక చిన్న మిషనుకు చెక్క అచ్చు బిగించి, చేత్తో పిడి తిప్పుతుంటే తీగ చుట్టుకుంటుంది. ఏ మోటారుకు ఎన్ని చుట్లో ఆ లెక్క తప్పకూడదు. తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. మిషనుకు అంకెలు తిరిగే మీటరు ఉంటుంది గానీ, పాతబడ్డ మిషన్ల మీటర్లను ఎవరూ నమ్మరు.

మేస్త్రి అతన్ని పిడి దగ్గర కూర్చోబెట్టి, మీటరు మీద గుడ్డ కప్పాడు.

"తిప్పు. నేను కబుర్లు చెబుతుంటా, నువ్వు జవాబులు చెబుతూనే తిప్పు. ఆపమన్నప్పుడు ఎన్నో చెప్పాలి."

మేస్త్రి తన తోడల్లుడి పిసినారితనం గురించి చెప్పాడు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు, మీ అక్క ఏం చేస్తుందని అడిగాడు. "తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీస్తుందండీ" అన్నాడు అతను, చెయ్యి ఆపకుండా. ఆపమనగానే "మూడొందల పన్నెండు" అన్నాడు. గుడ్డ తీసి చూస్తే మూడొందల పన్నెండే.

ఆ రోజు నుంచి షాపులో అతని పేరు మీటరు.

ఆ మీటరు కూడా అప్పుడప్పుడు తప్పేది. అతనికి రెండు రకాల మూర్ఛలు. నెలకు మూడు నాలుగుసార్లు పెద్దది వచ్చి పడేసేది. చిన్నది అంతకంటే ఎక్కువసార్లు వచ్చేది. దానిలో పడిపోడు. కళ్ళు ఒకచోట నిలిచిపోతాయి, చెయ్యి పిడి తిప్పుతూనే ఉంటుంది, తలలో లెక్క మాత్రం ఆగిపోతుంది. తెప్పరిల్లాక తలలో రెండొందలుంటే మీటరు రెండొందల ఇరవై రెండు చూపించేది. ఆ ఇరవై రెండు చుట్లసేపు తను ఎక్కడా లేడన్నమాట. అదనపు చుట్లు విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇంటికి రాగానే అక్క నోటు పుస్తకం తెరిచేది.

"ఇవాళ?"

"ఇరవై రెండు."

ఆమె తేదీ పక్కన అది రాసుకునేది. తమ్ముడు లేకుండా పోయిన సేపును రాగి చుట్లలో కొలిచిన పుస్తకాలు ఆ ఇంట్లో తొమ్మిది ఉన్నాయి.

పెద్దది వచ్చేముందు అతనికి కాలిన వార్నిష్ వాసన వచ్చేది. మోటార్ల షాపులో ఆ వాసన ఎప్పుడూ ఉంటుంది, అదే చిక్కు. వాసన తగలగానే అతను తలెత్తి "మీకూ వస్తోందా?" అని అడిగేవాడు. బేరింగులు బిగించే లావుపాటి మనిషిని అందరూ బేరింగు అనేవాళ్ళు. అతను ముక్కు ఎగబీల్చి, "వస్తోంది, కానీయ్" అంటే పని సాగేది. "రావట్లేదురా" అంటే మీటరు చేతిలోది పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, గోడకు వీపు ఆనించుకునేవాడు. వాసనకూ పడిపోవడానికీ మధ్య పది సెకన్లు ఉండేవి. ఆ పది సెకన్లు చాలు, తల పగలకుండా కాపాడుకోవడానికి.

"కాలింది మోటారా, నువ్వా, ముందది తేల్చు మీటరూ" అనేవాడు బేరింగు. అని, తన మడత గుడ్డ తెచ్చి అతని తల కింద పెట్టేవాడు.

మందులు ఆరు రకాలు మారాయి. ఒకటి పళ్ళ చిగుళ్ళు వాచేలా చేసింది, ఒకటి చేతులు వణికించింది. మూర్ఛలు తలలో ఒక్కచోటే మొదలైతే ఆ ముక్క తీసేయవచ్చు గానీ, అతనికి రెండువైపులా మొదలవుతున్నాయని తేలింది. అప్పుడు నరాల డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు చేసి, మెదడు లోతుల్లోకి సన్నని తీగలు రెండు దింపుతారు. ఆ తీగలు చర్మం కింద నుంచి చెవి వెనకగా, మెడ మీదుగా వచ్చి, ఛాతీ పైభాగాన ఎడమ భుజం ఎముక కింద పెట్టిన చిన్న పెట్టెకు కలుస్తాయి. పెట్టెలో బ్యాటరీ. నిమిషం సేపు కరెంటు, ఐదు నిమిషాలు విరామం, మళ్ళీ నిమిషం కరెంటు. రాత్రీ పగలూ అంతే.

"తీగకు ఇన్సులేషన్ ఏం వాడతారండీ?" అని అడిగాడు అతను. ఆపరేషన్ గురించి డాక్టరమ్మను ఆ ప్రశ్న అడిగిన రోగి ఎవరూ లేరేమో, ఆమె నవ్వింది.

అక్క నవ్వలేదు. "ఇక రావా మరి?"

"ఆ మాట నేనివ్వలేనమ్మా. చాలామందికి తగ్గుతాయి. కొందరికి బాగా తగ్గుతాయి. ఏదైనా నెలల మీద తెలుస్తుంది." ఆమె అతనివైపు తిరిగింది. "ఒక్క సంగతి. పెట్టెకు జానెడు దూరంలోకి అయస్కాంతం రాకూడదు. అది దగ్గరున్నంతసేపూ పెట్టె పనిచెయ్యదు. తీసేస్తే మళ్ళీ దానంతటదే మొదలవుతుంది, కానీ రోజూ గంటల తరబడి ఆగుతుంటే వచ్చిన గుణం పోతుంది. మీరేం పని చేస్తారు?"

"మోటార్లకు తీగ చుడతానండీ."

"అక్కడ అయస్కాంతాలుంటాయా?"

"మాదంతా రాగి పనండీ" అన్నాడు. అక్క అతనివైపు చూసింది. ఆ షాపులోకి ఆమె ఎన్నడూ వెళ్ళలేదు.

పని రాగిదే. అయితే ఆ షాపులో ప్రతివాడి చొక్కా జేబులోనూ పాడైన లౌడ్‌స్పీకరు నుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఉంటుంది. మోటారు విప్పేటప్పుడు వచ్చే స్క్రూలను నోట్లోనో ఒళ్ళోనో పెట్టుకోకుండా జేబుకు తగిలిస్తారు. గుండెల మీద అవి పతకాల్లా వేలాడుతుంటాయి. పని అయ్యాక ఒక్కొక్కటే పీకి బిగిస్తారు. ఇరవై రెండేళ్ళుగా అతని ఎడమ జేబులోనూ ఒకటి ఉంది. ఆపరేషన్‌కు ముందురోజు దాన్ని తీసి, అటక ఎక్కి, బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.

షాపులో ఎవరికీ ఆ నియమం చెప్పలేదు. చెబితే మేస్త్రి ఏమంటాడో అతనికి తెలుసు. మంచి మనిషి, కోప్పడడు. "పోనీలేరా, ఇంటి పట్టున ఉండు" అంటాడు. నలభై దాటిన వయసులో, మరో పని రానివాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

కరెంటు మొదలుపెట్టాక మొదటి నెల మూడుసార్లు పడిపోయాడు. మూడో నెల ఒక్కసారి. ఐదో నెల నుంచి పడలేదు. చిన్నవి కూడా తగ్గుతూ తగ్గుతూ పోయాయి. అక్క "ఇవాళ?" అంటే అతను "సున్నా" అనేవాడు. పుస్తకం నిండా సున్నాలు పేరుకున్నాయి. ప్రతి ఆదివారం ఆమె ఆస్పత్రివాళ్ళిచ్చిన చేతి మిషనును అతని ఛాతీ మీద ఆనించి చూసేది. పచ్చలైటు వెలిగేది.

"నిక్షేపంలా ఉందిరా నీ మోటారు."

సంవత్సరం పాటు పడిపోకుండా ఉంటే గడియ సంగతి ఆలోచించవచ్చు అని డాక్టరమ్మ అంది. ఆమె అన్నది ఆలోచించవచ్చనే. ఇంట్లో ఆ మాటే గడియ పెట్టుకోవచ్చు అని మారింది. అతనికి కావలసింది ఆ గడియ ఒక్కటే. జీవితంలో ఒక్కసారి తలుపు లోపల వేసుకుని, నోరు మూసుకుని స్నానం చెయ్యాలి. అక్కకు కూడా అందులో వాటా ఉంది. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఉంది. రమ్మని ఇరవయ్యేళ్ళుగా పిలుస్తోంది. అక్క ఆఫీసుకు తప్ప గంటకు మించి ఇల్లు వదిలింది లేదు.

"నువ్వు గడియ పెట్టుకుని స్నానం చేసిన మర్నాడు నేను రైలెక్కుతా. నాలుగు రోజులు. వంట నువ్వే చేసుకో, మాడబెట్టుకో, నాకు తెలీదు" అనేది.

పడిపోక పదకొండో నెల నడుస్తుండగా షాపువాళ్ళు అతనికి బహుమతి ఇచ్చారు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ అతను స్క్రూలు పోగొట్టుకోవడం మేస్త్రి గమనించాడు. గిన్నెలో పెట్టుకుంటే బేరింగు మోచెయ్యి తగిలి రెండుసార్లు నేలపాలయ్యాయి. తల ఆపరేషన్ వల్ల చేతిలో పట్టు తగ్గిందేమోనని జాలిపడి, మేస్త్రి తన భార్య చేత మందపాటి గుడ్డతో ఏప్రను కుట్టించాడు. మెడకు పట్టీ, నడుముకు తాళ్ళు, ఛాతీ మీద ఎడమవైపు జేబు. జేబు వెనక అస్తరులో రెండు అయస్కాంతాలు పెట్టి చుట్టూ జంటకుట్టు వేసి ఉన్నాయి.

"జేబులోంచి జారిపోయే బాధ లేకుండా మా ఆవిడ కుట్టేసింది. రెండు పెట్టిందిరోయ్. ఊళ్ళో స్క్రూలన్నీ నీ దగ్గరికే పరిగెత్తుకొస్తాయి" అన్నాడు మేస్త్రి, తనే అతని మెడలో వేస్తూ.

అందరూ చూస్తున్నారు. బేరింగు ఒక స్క్రూ విసిరాడు. అది జేబుకు అంటుకుంది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఇంటికి తీసుకెళ్ళి కుట్లు విప్పుదామనుకున్నాడు. కానీ మేస్త్రి రోజూ ఆ జేబు తట్టి పలకరించేవాడు. మొదటి రోజే అందరూ వెళ్ళాక అతను వేళ్ళతో కొలిచాడు. పెట్టెకూ అయస్కాంతాలకూ మధ్య ఆరు వేళ్ళు. డాక్టరమ్మ చెప్పింది జానెడు, అంటే పన్నెండు. మెడ పట్టీ ముడి విప్పి, కాస్త వదులు చేసి, కిందికి దించుకున్నాడు. ఎనిమిది వేళ్ళు. జీవితమంతా ఒక్క చుట్టు తేడాకు ఒప్పుకోని మనిషి, ఆ ఎనిమిది వేళ్ళతో సరిపెట్టుకున్నాడు. వంగి పని చేసేటప్పుడు ఏప్రను ముడుచుకుని పైకి వస్తుందన్న సంగతి మాత్రం కొలవలేదు.

రోజంతా ఏప్రను ఒంటి మీదే ఉండేది. సాయంత్రం షాపులో మేకుకు తగిలించి ఇంటికి వచ్చేవాడు. ఆదివారం అక్క చేతి మిషను ఆనిస్తే పచ్చలైటు ఎప్పటిలాగే వెలిగేది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పెద్ద మోటారుకు తీగ చుడుతున్నాడు. తలలో నాలుగొందలు. మీటరు నాలుగొందల ముప్పై ఏడు.

అతను ముప్పై ఏడు చుట్లు విప్పి, మీటరును కూడా వేలితో వెనక్కి తిప్పి, నాలుగొందల దగ్గర నిలబెట్టాడు. ఇన్నేళ్ళలో మీటరును వెనక్కి తిప్పడం అదే మొదటిసారి.

"ఇవాళ?" అంది అక్క.

"సున్నా."

ఆమె రాసుకుంది. సంవత్సరం నిండడానికి పద్దెనిమిది రోజులుంది. ఆమె రైలు టికెట్టు కొనేసింది. ఆ వారంలోనే ఇంకోసారి యాభై ఎనిమిది తేడా వచ్చింది. పడిపోలేదు కదా, పడిపోవడమే కదా లెక్క అనుకున్నాడు. గడియ పడనీ, అక్క వెళ్ళి రానీ, తర్వాత డాక్టరమ్మకు అన్నీ చెప్పేద్దాం, ఏప్రను సంగతి కూడా. ఒకరోజు షాపులో వార్నిష్ వాసన తగిలింది. తలెత్తాడు గానీ "మీకూ వస్తోందా?" అని అడగలేదు. ఎదురుగా బేరింగు నిజంగానే మాడిన మోటారు ఒకటి విప్పుతున్నాడు. ఆ ఒక్కసారికి గండం గడిచింది.

గడియ పెట్టే ఆదివారం వచ్చింది. పొద్దున్నే అతను అటక ఎక్కి బిస్కెట్ల డబ్బా దించాడు. అక్క మూత తీసింది. ఏడు గడియలూ ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దగా ఉన్నాయి. మధ్యలో గుండ్రటి అయస్కాంతం.

"ఇదెక్కడిదిరా ఇందులో?"

"పాతది. స్పీకరుది."

"పారెయ్యకపోయావా, మాయదారిది" అంటూ ఆమె దాన్ని పీకి, అతనికి దూరంగా, కిటికీ అవతల పడేసింది. గడియల్లో తక్కువ తుప్పు పట్టినదాన్ని ఎంచి అతని చేతికిచ్చింది.

స్నానాల గది తలుపుకున్న పాత రంధ్రాల్లో స్క్రూలు నిలవలేదు. ముప్పై నాలుగేళ్ళ తడికి అక్కడ చెక్క పిండిలా రాలింది. అతను గట్టి చెక్క కోసం తట్టుకుంటూ పైకి పోయి, తలుపు పై భాగాన, తన నుదుటి కంటే ఎత్తులో బిగించాడు.

"మరీ అంత పైనా? కింద కూర్చుంటే అందదు కదరా."

"కూర్చోవడమెందుకు? మహారాజులా నిలబడే చేస్తా."

"సరే మహారాజా, లెక్క పెడతావా?"

"పెట్టను."

"నేనూ వినను. పెరట్లో బట్టలు ఆరేసుకుంటా" అంది. గుమ్మం దగ్గర ఆమె సంచీ సర్ది పెట్టి ఉంది.

అతను లోపలికి వెళ్ళి, చెయ్యెత్తి గడియ పెట్టాడు. కరకరమంటూ బిగిసింది. కుళాయి కింద బకెట్టు పెట్టి తిప్పాడు. నోరు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు వాటంతటవే ఒకటి అనబోతే ఆపుకున్నాడు. నిశ్శబ్దంలో నీళ్ళ చప్పుడు ఎంత పెద్దదో అతనికి ఇప్పుడే తెలిసింది. తన గదిలో తను ఒక్కడే. చెంబుతో నీళ్ళు ముంచుకున్నాడు.

తలుపవతల సన్నగా గొంతు వినిపించింది. అక్క బట్టలారేయడానికి పోలేదు. తనలో తను లెక్కపెడుతోంది. "పదకొండు, పన్నెండు, పదమూడు..."

అతనికి నవ్వొచ్చింది. చెంబు ఎత్తాడు.

"డెబ్బై ఆరు" అంటోంది అక్క.

బకెట్టు నిండి పొర్లి, నీళ్ళు బండ మీద పాదాల చుట్టూ తిరుగుతున్నాయి. చేతిలో చెంబు బోర్లా వేలాడుతోంది. పదమూడు నుంచి డెబ్బై ఆరు. అరవై మూడు. లెక్క వెయ్యడానికి అతనికి క్షణం పట్టలేదు.

అప్పుడు వాసన వచ్చింది. కాలిన వార్నిష్. ఇక్కడ మోటారు లేదు. అడగడానికి బేరింగు లేడు.

పది సెకన్లు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పది సెకన్లలో ఏం చెయ్యాలో అతని ఒంటికి తెలుసు. కూర్చోవాలి, గోడకు ఆనుకోవాలి. మోకాళ్ళు వాటంతటవే వంగబోయాయి. అతను తలెత్తి గడియ వైపు చూశాడు. కూర్చుంటే తల భద్రంగా ఉంటుంది. కానీ గడియ పైనే ఉంటుంది, అక్క బయటే ఉంటుంది. పదకొండో ఏట బయట నిలబడి ఆమె విన్న ఆ మడమల చప్పుడు మళ్ళీ వింటుంది.

అతను కూర్చోలేదు. ముందుకు రెండడుగులు వేసి, రెండు చేతులూ ఎత్తి, బిగిసిన గడియను పట్టుకుని లాగాడు.

అక్క ఎనభై మూడు దగ్గర ఉండగా గడియ తీసిన చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకుని లెక్క ఆపేసింది. "అప్పుడే అయిపోయిందా?" అని కూడా అంది. అప్పుడు లోపల మనిషి పడిన చప్పుడైంది. ఆమె తలుపు తోసింది. విరగ్గొట్టే పని పడలేదు, తోయగానే తెరుచుకుంది. తల సిమెంటు తొట్టి అంచుకు తగిలింది. అతను మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పదిహేను రోజుల తర్వాత మేస్త్రి వచ్చాడు. అతని సామాను ఒక సంచీలో తెచ్చాడు: చెయ్యి తుడుచుకునే గుడ్డ, తీగ కోసే శ్రావణం, టీ తాగే గ్లాసు. అన్నిటికంటే పైన ఉతికి మడతపెట్టిన ఏప్రను.

"మా ఆవిడ కుట్టిందమ్మా. ఇచ్చింది మొదలు ఒక్కపూట కూడా వేసుకోకుండా లేడు. ఎంత ఇష్టమో" అంటూ మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు.

అక్క ఏప్రను ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ జేబు మీద ఒక చిన్న స్క్రూ అంటుకుని ఉంది. పీకితే వచ్చింది, వదిలితే మళ్ళీ పోయి అతుక్కుంది. ఆమె జేబు వెనక చెయ్యి పెట్టి జంటకుట్టును, దాని లోపలి గుండ్రటి గట్టిదనాన్ని తడిమింది. ఒకటి. పక్కనే రెండోది.

"దీన్ని వేసుకున్నాక ఒక్క స్క్రూ కూడా పోగొట్టుకోలేదమ్మా మా మీటరు" అన్నాడు మేస్త్రి.

ఆమె ఆ ముసలాయన మొహంలోకి చూసింది.

"చెప్పేవాడండీ" అంది. "ఇంటికొచ్చి రోజూ చెప్పేవాడు."